నాన్నగారి చేతికి సిమ్ ఉన్న వాచీ కావాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 69 ఏళ్లు. అమ్మా ఆయనా తెనాలి దగ్గర పల్లెలో ఉంటారు, నేను హైదరాబాద్‌లో ఉద్యోగం. నాన్నగారు రోజూ పొద్దున్నే పొలం వెళ్తారు, ఫోన్ మాత్రం ఇంట్లోనే వదిలేస్తారు. పోయిన నెల మోటారు షెడ్డు దగ్గర జారిపడితే పక్క పొలం వాళ్లు చూసేదాకా అరగంట అలాగే ఉండిపోయారు. అప్పట్నుంచి నాకు ఒకటే టెన్షన్. సెల్యులార్ స్మార్ట్‌వాచ్ కొందామంటే మామూలు దానికన్నా పది వేలు ఎక్కువ చెబుతున్నారు. అంత పెట్టాలా? ఆయనది ఆండ్రాయిడ్ ఫోన్.
- ఒక పాఠకుడు

జవాబు: మీ నాన్నగారికైతే పెట్టండి. ఇదే ప్రశ్న ఇంకెవరైనా అడిగితే చాలాసార్లు వద్దనే చెబుతాను, ఎందుకంటే ఫోన్ దగ్గర్లో ఉన్నంతసేపూ ఆ వాచీ బ్లూటూత్‌తో ఫోన్‌నే వాడుకుంటుంది, ఫోన్ అందకపోతే తెలిసిన వైఫై కోసం చూస్తుంది, అదీ లేనప్పుడే సొంత సిమ్ వాడుతుంది. అంటే ఎప్పుడూ ఫోన్ జేబులో పెట్టుకు తిరిగే మనిషికి ఆ పది వేలూ దండగ. మూడేళ్ల కిందట మా అమ్మకు ఇలాంటిదే కొన్నాను. గుడికి వెళ్లినా కూరగాయలకు వెళ్లినా ఫోన్ ఆవిడ చేతిసంచిలోనే ఉంటుంది, వాచీలో సిమ్ ఉపయోగపడిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ డబ్బుతో బాత్రూంలో పట్టుకోవడానికి స్టీలు కడ్డీలు బిగించి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. మీ నాన్నగారి సంగతి వేరు, ఫోన్ ఇంట్లో, మనిషి పొలంలో. సరిగ్గా ఇలాంటి వాళ్లకే ఆ సిమ్ పనికొస్తుంది.

ఆపిల్ వాచ్‌కు ఐఫోన్ ఉండాలి కాబట్టి దాన్ని పక్కన పెట్టేయండి. శాంసంగ్ గెలాక్సీ వాచ్‌లో ఎల్‌టీఈ, అంటే సొంత సిమ్‌తో పనిచేసేది, అని రాసి ఉన్న మోడల్ చూడండి. షాపుల్లో రెండు మూడు వేలకు కాలింగ్ వాచ్ అని చూపిస్తారు, వాటిలో చాలావరకు బ్లూటూత్ కాలింగే, ఫోన్ ఇంట్లో ఉంటే పొలంలో మూగబోతాయి. ఈ తేడా తెలియక మోసపోయిన వాళ్లు నాకు చాలామంది తెలుసు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కొనే ముందు ఇంకో పని చేయండి. నాన్నగారి సిమ్ కంపెనీకి ఫోన్ చేసి, ఆయన ప్లాన్ మీద వాచీకి ఈ-సిమ్ (కార్డు పెట్టే పని లేకుండా వాచీలోనే ఉండే సిమ్) ఇస్తారా అని అడగండి, కొన్ని కంపెనీలు పోస్ట్‌పెయిడ్ నంబర్లకే ఇస్తాయి. ఇస్తే అదే నంబరు రెండింటిలోనూ మోగుతుంది, అమ్మగారు చేసే కాల్ పొలంలో ఆయన చేతి మీదే వస్తుంది. తర్వాత ఆయన ఫోన్‌ను ఒకరోజు మోటారు షెడ్డు దాకా తీసుకెళ్లి సిగ్నల్ చూడండి. ఫోన్‌కే ఒక గీత వచ్చే చోట అంత చిన్న వాచీ మీద ఆశ పెట్టుకోకూడదు.

పడినప్పుడు గుర్తుపట్టే సదుపాయం ఉంటుంది కానీ, సెట్టింగ్స్‌లోకి వెళ్లి అది ఆన్‌లో ఉందో లేదో మీ కళ్లతో చూడండి, ఎమర్జెన్సీ నంబర్లలో మీతో పాటు ఆ పక్క పొలం ఆయన నంబరు కూడా పెట్టండి, హైదరాబాద్ నుంచి మీరు వెళ్లేలోపు ఆయన ఐదు నిమిషాల్లో వస్తాడు. గట్టిగా పడి ఒక నిమిషం పాటు మనిషి స్పందించకపోతే వాచీ కబురు పంపుతుంది. కళ్లు తిరిగి మెల్లగా కూలబడితే మాత్రం పసిగట్టకపోవచ్చు. అందుకని సాయం కోసం ఏ మీట నొక్కాలో ఆయన చేత పది సార్లు నొక్కించి అలవాటు చేయండి. గుండెపోటు వస్తే వాచీయే చెప్పేస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి, అది దాని వల్ల కాదు.

అసలు కష్టం ఛార్జింగ్‌తో. సిమ్ మీద మాట్లాడితే బ్యాటరీ ఇట్టే అయిపోతుంది, రోజూ పెట్టాల్సిందే. అందరూ స్నానానికి వెళ్తూ తీసి పెడతారు, కానీ పెద్దవాళ్లు ఎక్కువ జారేది బాత్రూంలోనే కదా! రాత్రి భోంచేసి టీవీ ముందు కూర్చున్నప్పుడు పెట్టమనండి, ఆ సంగతి అమ్మగారికి అప్పజెప్పండి.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్ నుంచి సెల్యులార్ వాచీ తెచ్చాడు. ఇక్కడ సిమ్ ఎక్కడం లేదు. పాడైందా?
- ఒక పాఠకురాలు

జవాబు: పాడవలేదమ్మా. అమెరికాలో అమ్మే మోడళ్లలో కొన్నిటికి మన దగ్గరి నెట్‌వర్క్ బ్యాండ్లు, అంటే ఇక్కడి సిగ్నల్ అందుకునే తరంగాలు, ఉండవు. వెనక ఉన్న మోడల్ నంబరు కంపెనీ సైట్‌లో చూస్తే తెలిసిపోతుంది. అక్కడ సెల్యులార్ కోసం నెలకు దాదాపు పది డాలర్లు కడుతూ ఉంటే ముందు అది ఆపించమని మీ అబ్బాయికి చెప్పండి. ఫోన్ దగ్గర పెట్టుకుని వాడుకోండి, అడుగులు, గుండె వేగం, కాల్స్ అన్నీ మామూలుగానే వస్తాయి.