కంట్రోల్ సిస్టమ్స్ ఇంజనీరుకు బాయిలర్ సంగతి ఎందుకు?

ప్రశ్న: ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి, కర్మాగారాల సొంత విద్యుత్ కేంద్రాలకు నియంత్రణ వ్యవస్థలు రూపొందించే సంస్థలో ఇటీవలే చేరాను. పీఎల్‌సీ (యంత్రాలను నియంత్రించే పారిశ్రామిక కంప్యూటర్) ప్రోగ్రామింగ్ బాగానే వచ్చు. మా సీనియర్లు మాత్రం ముందు టర్బైన్, బాయిలర్ పనితీరు నేర్చుకోమంటున్నారు. లాజిక్ రాసేవారికి అంత లోతు అవసరమా?

జవాబు: తప్పకుండా అవసరం. ఒక కర్మాగారం 40 మెగావాట్లు వాడుతోందనీ, అందులో 25 మెగావాట్లు పూర్తి లోడుతో నడుస్తున్న సొంత టర్బైన్ జనరేటర్ నుంచి, మిగిలిన 15 గ్రిడ్ నుంచి వస్తున్నాయనీ అనుకోండి. గ్రిడ్ బ్రేకర్ (కర్మాగారాన్ని గ్రిడ్‌తో కలిపే స్విచ్చు) హఠాత్తుగా తెరుచుకుంటే ఆ 15 మెగావాట్ల లోటంతా ఒక్క జనరేటర్ మీద పడుతుంది. టర్బైన్ అప్పటికే పూర్తి లోడులో ఉంది కనుక టర్బైన్‌లోకి వెళ్లే ఆవిరిని సర్దే గవర్నర్ చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. ఫ్రీక్వెన్సీ సెకనుకు సుమారు మూడు హెర్ట్జ్ చొప్పున కూడా పడిపోవచ్చు. ఫ్రీక్వెన్సీ మరీ పడిపోయినప్పుడు లోడును తీసేసే అండర్ ఫ్రీక్వెన్సీ రిలేలు స్పందించే దాకా ఆగకుండా, గ్రిడ్ నుంచి ఎంత తీసుకుంటున్నామో అనుక్షణం లెక్క కడుతూ, ఏ ఫీడర్లను (కర్మాగారంలోని ఒక్కో భాగానికి విద్యుత్ తీసుకెళ్లే లైన్లను) తీసేయాలో ముందే నిర్ణయించుకుని, బ్రేకర్ తెరుచుకున్న మరుక్షణమే ట్రిప్ (ఆపివేత) ఆదేశం పంపే లోడ్ షెడ్డింగ్ పథకం అందుకే కావాలి. రిలేలు దానికి వెనుక రక్షణగా ఉంటాయి.

ఏ ఫీడర్లను తీసేయాలన్న ప్రశ్నకు మెగావాట్ల లెక్క ఒక్కటే జవాబు కాదు. బాయిలర్ ఫీడ్ పంపు ఉన్న ఫీడర్‌ను తీసేస్తే లోటు అంకెల్లో తీరుతుంది కానీ, బాయిలర్ డ్రమ్ములో (నీటి నుంచి ఆవిరి విడిపోయే పాత్రలో) నీటి మట్టం పడిపోయి బాయిలర్ ట్రిప్ అవుతుంది, ఆవిరి ఆగుతుంది, మనం కాపాడబోయిన జనరేటరే నిలిచిపోతుంది. అందువల్ల ఈ ప్రాధాన్య జాబితాను ఎలక్ట్రికల్ విభాగం ఒంటరిగా తయారు చేయడం నా దృష్టిలో ప్రమాదకరం. ప్రాసెస్ ఇంజనీర్లు, ఆపరేటర్లు కూడా కూర్చుని ఒప్పుకోవాలి.

గ్రిడ్ నుంచి విడిపోయాక గవర్నర్ పాత్ర కూడా మారుతుంది. గ్రిడ్‌తో కలిసి ఉన్నప్పుడు అది డ్రూప్ పద్ధతిలో, అంటే లోడు పెరిగేకొద్దీ వేగాన్ని కొంత తగ్గనిస్తూ పనిచేస్తుంది: 50 హెర్ట్జ్ యంత్రానికి 4 శాతం డ్రూప్ అంటే, ఖాళీ నుంచి పూర్తి లోడుకు వెళ్లడానికి 2 హెర్ట్జ్ తేడా. విడిగా నడుస్తున్నప్పుడు ఫ్రీక్వెన్సీని నిలబెట్టడానికి ఒక యంత్రాన్ని ఐసోక్రోనస్‌లో (లోడు ఎంతున్నా ఒకే ఫ్రీక్వెన్సీని నిలిపే పద్ధతిలో) ఉంచుతారు. లోడును పంచే ఏర్పాటు లేకుండా రెండింటిని ఆ పద్ధతిలో ఉంచితే, అవి ఒకదానితో ఒకటి పోటీపడి లోడును అటూ ఇటూ తోసుకుంటాయి.

బాయిలర్ విషయానికొస్తే, ఆవిరి వాడకం హఠాత్తుగా పెరిగినప్పుడు పీడనం తగ్గి, డ్రమ్ములోని బుడగలు ఉబ్బి, నీటి మట్టం పెరిగినట్లు కనిపిస్తుంది. మట్టాన్ని మాత్రమే చూసే కంట్రోలర్ సరిగ్గా నీరు కావలసిన సమయంలోనే ఫీడ్ వాటర్ తగ్గిస్తుంది. మట్టంతో పాటు ఆవిరి ప్రవాహాన్నీ నీటి ప్రవాహాన్నీ కలిపి చూసే త్రీ ఎలిమెంట్ కంట్రోల్ పెట్టడానికి కారణం ఇదే.

ప్రశ్న: ఫ్యాక్టరీ పరీక్షలో లాజిక్ అంతా సరిపోయింది. సైట్‌లో ప్రతి లూప్‌నూ (కొలిచే పరికరం నుంచి కంట్రోలర్, వాల్వు దాకా ఉన్న సర్క్యూట్‌నూ) మళ్లీ తనిఖీ చేయడం దండగ కాదా?

జవాబు: ఫ్యాక్టరీలో సిగ్నళ్లను చాలావరకు మీరే కల్పించి ఇస్తారు, అసలు ట్రాన్స్‌మిటర్ (కొలతను సిగ్నల్‌గా పంపే పరికరం), కేబుల్, వాల్వు అక్కడ ఉండవు. 4–20 మిల్లీ యాంపియర్ల సిగ్నల్‌లో సున్నా కొలతకు 4 మిల్లీ యాంపియర్లు కేటాయించడం వల్ల, తీగ తెగితే కరెంటు సున్నాకు పడి లోపం బయటపడుతుంది. అయితే తీగలు బాగానే ఉండి ట్రాన్స్‌మిటర్ రేంజి, కంట్రోలర్‌లోని రేంజి వేర్వేరుగా ఉంటే, ఏ అలారమూ రాకుండానే తెర మీద తప్పుడు అంకె కనిపిస్తుంది. అందుకని ప్రతి లూప్‌లోనూ 0, 25, 50, 75, 100 శాతాల దగ్గర సిగ్నల్ ఇచ్చి, తెర మీది విలువతో పోల్చి, వాల్వు వాస్తవంగా ఎంత కదిలిందో దగ్గర నిలబడి చూసి, ఆ తరువాతే సంతకం చేయండి.