శబ్దాన్ని మింగే జీవి చెవికి ఎలా కనిపిస్తుంది?

ప్రశ్న: ధ్వనిని ఆహారంగా తీసుకునే ఒక భీకర సముద్రజీవి గురించి శ్రవ్య నాటకం రాస్తున్నాను. అది ఓడను సమీపించగానే శబ్దాలన్నీ ఆగిపోతాయి. అలాంటి జీవి శాస్త్రపరంగా సాధ్యమేనా? అది వచ్చిందని శ్రోతకు ఎలా తెలియజేయాలి? – ఒక పాఠకురాలు

జవాబు: మొదటి ప్రశ్నకు సమాధానం మీకు కొంత నిరాశ కలిగించవచ్చు. ధ్వనిలో ఉండే శక్తి మనం ఊహించుకునేదానికంటే చాలా తక్కువ. నీలి తిమింగలం పిలుపు వందల కిలోమీటర్ల దూరం చేరగలిగినా, అందులోని శక్తిని లెక్క కడితే కొన్ని పదుల వాట్లే, అంటే ఒక విద్యుద్దీపం వెలగడానికి సరిపోయేంత మాత్రమే. ఓడంత దేహమున్న ప్రాణి దానిమీద బతకలేదు. అందుచేత ధ్వనిని దాని ఆహారంగా కాక, అది వేటలో పన్నే మాయగా మార్చండి. తన రాకను ఎరలు పసిగట్టకుండా అది చుట్టూ ఉన్న శబ్దాన్ని మింగేస్తుందంటే కథ నిలబడుతుంది.

మింగడం ఎలాగన్నదానికి సముద్రంలోనే ఆధారాలున్నాయి. నీటిలోని గాలిబుడగలు తమపై పడిన ధ్వనిని చెదరగొడతాయి, కొంత పీల్చుకుంటాయి కూడా. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, నీటిలోకి ధ్వనిని పంపి దాని ప్రతిధ్వనితో వస్తువులను పసిగట్టే సోనార్ పరికరాలకు నడిసముద్రంలో కొన్ని వందల మీటర్ల లోతున సముద్రపు అడుగులాంటి ఒక పొర తగిలేది. విచిత్రమేమిటంటే ఆ ‘అడుగు’ చీకటి పడగానే పైకి లేచేది, తెల్లవారగానే దిగిపోయేది. అది మేత కోసం రాత్రిపూట పైకి వచ్చే చిన్న ప్రాణుల గుంపు అనీ, వాటిలోని చేపల గాలితిత్తులే ధ్వనిని ముఖ్యంగా వెనక్కి కొడుతున్నాయనీ తరువాత తేలింది. రాత్రికి లేచే సముద్రపు అడుగు కంటే మంచి ఆరంభ దృశ్యం మీకు దొరకదని నా నమ్మకం. మీ జీవి దేహమంతా అలాంటి బుడగలతో నిండి ఉందనుకోండి.

అయితే బుడగల మాయ నీటి లోపలే పని చేస్తుంది, ఓడపై మాటలను ఆపలేదు. అందుకే కథను డెక్ మీద నుంచి కిందికి దించి, హైడ్రోఫోన్ (నీటి లోపలి శబ్దాలను పట్టే మైకు) హెడ్‌ఫోన్లు పెట్టుకున్న ఒక ఉద్యోగి చెవులకు అప్పగించమంటాను. 1924లో బీబీసీ ప్రసారం చేసిన, రేడియో కోసమే రాసిన తొలి నాటకాల్లో ఒకటి, దీపాలారిపోయిన బొగ్గుగనిలో జరుగుతుంది. పాత్రలకూ కనిపించదు, శ్రోతకూ కనిపించదు. మీ ఉద్యోగి, శ్రోత కూడా అలాగే ఒకే చెవితో వింటారు.

ఇక రెండవ ప్రశ్న. శబ్దాలన్నిటినీ ఒక్కసారిగా ఆపితే శ్రోత తన పరికరం చెడిపోయిందనుకుంటాడు. జీవి వినిపించేది నిశ్శబ్దంలో కాదు, ఒక్కొక్కటిగా తగ్గిపోయే శబ్దాల్లో. ఆ తగ్గే క్రమాన్ని సముద్రమే చెబుతుంది. నీటిలో కరిగి ఉన్న మెగ్నీషియం సల్ఫేటు వంటి లవణాలు పై స్థాయి ధ్వనులను, అంటే సన్నని కీచు ధ్వనులను, ముందుగా హరిస్తాయి. లక్ష హెర్ట్జ్‌ల (సెకనుకు లక్ష కంపనాల) ధ్వని ఒక్క కిలోమీటరు ప్రయాణంలోనే ఇలా దాదాపు వెయ్యో వంతుకు పడిపోతుంది, వంద హెర్ట్జ్‌ల ధ్వనికి అదే దూరంలో జరిగే నష్టం లెక్కలోకే రాదు. అదే క్రమంలో మొదట డాల్ఫిన్ల టకటకలు పోనివ్వండి, తరువాత నీటిపై పడే సన్నని జల్లు సవ్వడి, ఆపైన దూరపు ఓడ ప్రొపెల్లర్ మోత. అన్నిటికీ అడుగున తిమింగలం పిలుపు ఒక్కటే మిగలాలి. అది దాదాపు 20 హెర్ట్జ్‌లలో ఉంటుంది కాబట్టి చిన్న స్పీకర్లు పలికించలేవు. శాస్త్రవేత్తలు చేసినట్టే వేగం పెంచి వినిపించండి.

చివరి అంకంలో జీవిని ఓడపైకి తేవాలనుకుంటే, అక్కడ శాస్త్రాన్ని వదిలి కల్పనకు దారి ఇవ్వండి, క్రమాన్ని మాత్రం వదలకండి. మన భాషలో స, శ, చ ధ్వనులు పై స్థాయిలో పలుకుతాయి, అచ్చులు కింది స్థాయిలో ఉంటాయి. ‘సముద్రం’ అన్న మాట ‘అముద్రం’గా, ‘శబ్దం’ ‘అబ్దం’గా వినిపించడం మొదలైతే శ్రోత ఉలిక్కిపడతాడు. ‘ఓడ’ అన్న మాట చాలాసేపు చెక్కుచెదరదు.

పూర్తి నిశ్శబ్దాన్ని ఒక్కసారే, నాలుగైదు సెకన్లకు మించకుండా వాడండి. దానికి ముందు ఆ ఉద్యోగి హెడ్‌ఫోన్లు తీసేసే చప్పుడూ, గదిలో అతని ఊపిరీ వినిపించాలి. అప్పుడు ఆ ఊపిరి ఆగిన క్షణం శ్రోతకు తెలుస్తుంది.