పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు లినక్స్ పెట్టబోయే అబ్బాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

ఆన్ అవడానికి అయిదు నిమిషాలు పడుతోందని ఆ ల్యాప్‌టాప్‌ను పారెయ్యకు. ముందే ర్యామ్ కొనెయ్యకు కూడా. ఇలాంటి వాటిలో జబ్బు చాలావరకు తిరిగే హార్డ్‌డిస్క్‌దే. 5400 ఆర్‌పీఎం (నిమిషానికి 5400 సార్లు తిరిగే) డిస్క్‌లో డేటా చదివే హెడ్ ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరగడానికే పది మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. దాని బదులు పెట్టే ఎస్‌ఎస్‌డీలో, అంటే చిప్‌లతో చేసిన డిస్క్‌లో, కదిలే భాగమే లేదు. 2.5 అంగుళాల సాటా (డిస్క్ తగిలించే కనెక్షన్ రకం) ఎస్‌ఎస్‌డీ, 240 జీబీది చాలు. అది 7 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, 9.5 మిల్లీమీటర్ల డిస్క్ తీసిన చోట వదులుగా ఉంటే స్పేసర్ (ఖాళీ నింపే సన్నని చట్రం) పెట్టు.

పాత డిస్క్ తీసేముందు విండోస్‌ను చివరిసారి షిఫ్ట్ కీ నొక్కిపట్టి షట్‌డౌన్ చెయ్యి. మామూలుగా ఆపితే ఫాస్ట్ స్టార్టప్ వల్ల సగం నిద్రలో ఉండిపోతుంది. అలా వదిలేసి తర్వాత సాటా-యూఎస్‌బీ కేబుల్‌తో ఆ డిస్క్ తగిలిస్తే లినక్స్ దాన్ని చదవనిస్తుందిగానీ రాయనివ్వదు. ఫొటోలు, సర్టిఫికెట్లు ముందే వేరేచోట కాపీ చేసుకో. పాత డిస్క్‌నే బ్యాకప్‌గా వాడాలనుకుంటే డిస్క్ ఆరోగ్యం చూపే స్మార్ట్‌సీటీఎల్ (smartctl) కమాండ్‌తో పెండింగ్ సెక్టార్ల, అంటే సరిగ్గా చదవలేకపోతున్న చోట్ల, అంకె చూడు. సున్నా కాకపోతే నమ్మకు.

విప్పేటప్పుడు బ్యాటరీ తీసి, పవర్ బటన్ పదిహేను సెకన్లు నొక్కు. స్క్రూలను కాగితం మీద ఏవి ఎక్కడివో గీసి టేపుతో అంటించు. పొట్టి స్క్రూ రంధ్రంలో పొడుగుది బిగిస్తే పైన కీబోర్డు వైపు ప్లాస్టిక్ చీలుతుంది. ర్యామ్ పెంచాలంటే పాత ర్యామ్ మీది చీటీ చదివే కొను: నాలుగో తరం ఇంటెల్ ల్యాప్‌టాప్‌లు చాలావాటికి 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ రకం ర్యామ్ కావాలి, 1.5 వోల్టులది పెడితే తెర నల్లగానే ఉండొచ్చు.

లినక్స్ ఇన్‌స్టాల్ చెయ్యడానికి పెన్‌డ్రైవ్ తయారుచేసేటప్పుడు మాత్రం నిదానించు. ఐసో ఫైల్‌ను (ఇన్‌స్టాలర్ మొత్తం ఉన్న ఒకే ఫైల్‌ను) పెన్‌డ్రైవ్‌లోకి రాసే డీడీ (dd) కమాండ్ అడగదు, రాసేస్తుంది. ముందు డిస్క్‌ల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే (lsblk) కొట్టి, సైజు చూసి ఏది పెన్‌డ్రైవో పోల్చుకో. దాని పేరు ఎస్‌డీబీ (sdb) అయితే ఎస్‌డీబీకే రాయాలి, అందులోని ఒక భాగమైన ఎస్‌డీబీ1కి రాస్తే బూట్ కాదు. అంతకుముందే ఐసో ఫైల్ షా256 (ఫైల్ పూర్తిగా దిగిందో లేదో పోల్చే కోడ్) సరిచూడు. సగం దిగిన ఫైల్ ఇన్‌స్టాల్ మధ్యలో అర్థంకాని ఎర్రర్లు ఇస్తుంది.

లినక్స్ రకాల్లో డెబియన్‌ను, తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌తో పెట్టుకో. 2023లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి ఫర్మ్‌వేర్ (వైఫై లాంటి పరికరాలు నడవడానికి కావాల్సిన ఫైళ్లు) ఇన్‌స్టాలర్‌లోనే ఉంటోంది. బ్రాడ్‌కామ్ వైఫై అయితే ఇంకా తిప్పలే: ఫోన్ ఇంటర్నెట్‌ను యూఎస్‌బీ కేబుల్ ద్వారా (టెదరింగ్‌తో) వాడి డ్రైవర్ దించుకో. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం ఉన్నవాటినే నడవనిచ్చే సెట్టింగు) ఆన్‌లో ఉంటే, సంతకం లేని ఆ డ్రైవర్ మాడ్యూల్‌ను కెర్నల్ (లినక్స్ మూలభాగం) లోపలికి రానివ్వదు.

పైథాన్ నేర్చుకుంటావు కదా, ప్యాకేజీలు దించే పిప్ 'ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్' అని ఆపేస్తే సుడోతో (అడ్మిన్ అధికారంతో), బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్ ఆప్షన్‌తో బలవంతం చెయ్యకు. సిస్టమ్ పనిముట్లు కొన్ని అదే పైథాన్ మీద నడుస్తాయి. పైథాన్3-వెన్వ్ ప్యాకేజీ వేసి, ఒక్కో ప్రాజెక్టుకు ఒక్కో వెన్వ్ (విడి పైథాన్ ఫోల్డర్) పెట్టుకో. టెర్మినల్‌లో తెలుగు ఒత్తులు చెదిరి కనిపిస్తే కంగారుపడకు. అది టెర్మినల్ చూపించే తీరు; అదే ఫైల్‌ను ఎడిటర్‌లో తెరిస్తే అక్షరాలు సరిగ్గానే ఉంటాయి.