బిజినెస్ రీసెర్చ్ ప్రాజెక్టుకి ఏ పద్ధతి తీసుకోవాలి, శాంపిల్ ఎంత ఉండాలి?

అడిగినవారు ఎంబీఏ చివరి ఏడాదిలో ఉన్నారట. ‘కస్టమర్ సంతృప్తి’ అని టాపిక్ ఖాయమైంది, ప్రశ్నాపత్రం కూడా తయారైంది. ఇప్పుడు రిపోర్టులో క్వాలిటేటివ్ (మాటల్లో తెలుసుకునేది) అని రాయాలా క్వాంటిటేటివ్ (అంకెల్లో కొలిచేది) అని రాయాలా, ఎంతమంది చేత నింపిస్తే గైడ్ ఒప్పుకుంటారు అన్నది సందేహం.

ప్రశ్నాపత్రం రాసేశాక పద్ధతి ఏదని అడగడం, మందు మింగేసి జబ్బేమిటని అడిగినట్టుంది. కోప్పడకండి, నేనూ సరిగ్గా ఇలాగే మొదలుపెట్టాను. నా మొదటి రీసెర్చ్ వల్ల కంపెనీకి ఎంత నష్టమొచ్చిందో చెబుతాను, మీ ప్రశ్నకి జవాబు అందులోనే ఎక్కడో ఉంటుంది.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. చిన్న వ్యాపారాలకి లెక్కల సాఫ్ట్‌వేర్‌ని నెలవారీ చందా మీద ఇచ్చే కంపెనీ మాది. కొత్తగా చేరినవాళ్లలో చాలామంది మూడు నెలలు తిరక్కుండానే మానేస్తున్నారు. మా మేనేజర్ గారు నన్ను పిలిచి, “ధర ఎక్కువని మానేస్తున్నారమ్మా, ఒక సర్వే చేసి పట్టుకురా, పైవాళ్లకి చూపించాలి” అన్నారు. జవాబు ముందే ఉంది. పద్ధతి ముందే ఉంది. చూపించాల్సినవాళ్లు కూడా ముందే ఉన్నారు. లేనిదల్లా ప్రశ్న. అది అప్పుడు నాకు తట్టలేదు. నాకు పని అప్పగించారన్న సంబరమే ఎక్కువ.

22 ప్రశ్నలు రాశాను. ఒకటి నుంచి ఐదు దాకా చుక్కలు పెట్టే లైకర్ట్ స్కేలు, రంగురంగుల గ్రాఫులు, అన్నీ. కస్టమర్ల జాబితా తీసుకుని అందరికీ మెయిల్ పంపితే 412 మంది నింపారు. సంతృప్తి సగటు 4.2 వచ్చింది. ధర తగ్గిస్తే బాగుంటుందని 71 శాతం మంది ఒప్పుకున్నారు. ధర తగ్గిస్తే బాగుండదని చెప్పే మనిషిని నేనింతవరకూ చూడలేదు, అయినా దాన్ని పెద్ద అక్షరాల్లో స్లైడు మీద పెట్టాను. మీటింగులో చప్పట్లు కొట్టారు. వచ్చే నెల నుంచే ధర ఐదో వంతు తగ్గించారు.

ఆరు నెలలు చూశాం. మానేసేవాళ్లు మానేస్తూనే ఉన్నారు, అదే వేగంతో. “ఇంకొంచెం తగ్గించాలేమో” అన్నారు మేనేజర్ గారు.

ఆ రాత్రి పాత ఫైళ్లు తిరగేస్తుంటే నేను మెయిల్ పంపిన జాబితా పేరు కంటపడింది. ‘ప్రస్తుత కస్టమర్లు’. మానేసినవాళ్లు ఎందుకు మానేశారో తెలుసుకోవడానికి నేను అడిగింది మానేయనివాళ్లని! ఆ 412 మందిలో వెళ్లిపోయినవాడు ఒక్కడూ లేడు. చందా రద్దు కాగానే పేరు ఆ జాబితాలోంచి దానంతటదే పోతుంది. మీ పుస్తకంలో శాంప్లింగ్ ఫ్రేమ్ అని ఒక పేరా ఉంటుంది చూడండి, పరీక్షలో రెండు మార్కులకి చదివి వదిలేస్తామే, అదన్నమాట ఇది. శాంపిల్‌ని ఏ జాబితాలోంచి తీస్తున్నామో ఆ జాబితాలో అసలు మనిషే లేకపోతే, అందులోంచి నాలుగు వందల మందిని తీసినా నాలుగు లక్షల మందిని తీసినా ఒకటే.

పెద్ద శాంపిల్ మీద మోజున్నవాళ్లకి నేనెప్పుడూ చెప్పే కథ ఒకటుంది. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటి మందికి కార్డులు పంపింది. సుమారు 24 లక్షలు తిరిగొచ్చాయి. వాటిని లెక్కపెట్టి, రూజ్‌వెల్ట్ మీద పోటీ చేసిన లాండన్ అనే ఆయన గెలుస్తాడని చెప్పింది. 48 రాష్ట్రాల్లో 46 రూజ్‌వెల్ట్ గెలిచాడు. అదే ఎన్నికలో జార్జ్ గాలప్ అనే సర్వేల నిపుణుడు సుమారు 50 వేల మందినే అడిగి గెలిచేదెవరో సరిగ్గా చెప్పాడు. ఆ పత్రిక చిరునామాలు తీసుకున్నది టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్లున్నవాళ్ల జాబితాల నుంచి. ఆర్థిక మాంద్యం నాటి ఆ గడ్డుకాలంలో ఫోనూ కారూ ఉన్నవాళ్లు ఎవరై ఉంటారు, డబ్బున్నవాళ్లు తప్ప? దానికి తోడు, కార్డు అందినా తిప్పి పంపనివాళ్లు ముక్కాలు వంతు. పంపినవాళ్లకీ పంపనివాళ్లకీ మనసులో తేడా ఉండొచ్చని ఎవరూ పట్టించుకోలేదు.

మీ గైడ్ బహుశా 384 అని చెప్పి ఉంటారు. ప్రతి ప్రాజెక్టులోనూ కనిపించే అంకె. ఎక్కడిదో ఎవరినన్నా అడగండి, టేబుల్‌లో ఉందంటారు. 95 శాతం నమ్మకంతో, ఐదు శాతం అటూ ఇటూ తేడాతో ఒక నిష్పత్తిని అంచనా వెయ్యాలంటే, జనం సగం సగంగా చీలి ఉన్నారనుకుంటే, లెక్క 384 దగ్గర తేలుతుంది. తేడా మూడు శాతానికి తగ్గించాలంటే 1067 కావాలి. ఈ లెక్కంతా ఒకే షరతు మీద నడుస్తుంది: జనంలో ప్రతి ఒక్కరికీ ఎంపికయ్యే అవకాశం సమానంగా ఉండాలి. వాట్సాప్ గ్రూపులో ఫారం లింకు పెట్టి, ‘ప్లీజ్ ఫ్రెండ్స్, రెండు నిమిషాలే’ అని బతిమాలి 384 మంది చేత నింపించడానికీ ఆ లెక్కకీ ఏ చుట్టరికమూ లేదు. చేస్తే చేయండి, తప్పదు, అందరూ అదే చేస్తున్నారు. కానీ ‘మాకు అందుబాటులో ఉన్నవారిని అడిగాం’ అని నిజం రాయండి. ర్యాండమ్ (చీటీలు తీసినట్టు ఎంచినది) అని మాత్రం రాయకండి.

సరే, నా సంగతికి వస్తాను. మేనేజర్ గారికి చెప్పకుండానే, మానేసినవాళ్ల ఫోన్ నంబర్లు సపోర్టు వాళ్ల దగ్గర తీసుకున్నాను. 18 మందికి చేస్తే 11 మంది మాట్లాడారు. చేతిలో ప్రశ్నాపత్రం లేదు. “మొదటి రోజు నుంచి ఏం జరిగిందో చెప్పండి” అనేదాన్ని, అంతే. వాళ్లలో ఒక పెద్దాయన గొంతు నాకింకా గుర్తుంది.

“ధర సంగతి కాదమ్మా. పాత లెక్కలన్నీ దాంట్లో ఎక్కించమన్నారు. మా అబ్బాయి సెలవులకొచ్చినప్పుడు సగం ఎక్కించి వెళ్లిపోయాడు. సగం పుస్తకంలో, సగం కంప్యూటర్లో. ఎవరు ఎంత బాకీయో చూడాలంటే రెండూ తియ్యాలి. దానికన్నా పుస్తకమొక్కటే నయం కదా?”

“మరి రద్దు చేసేటప్పుడు ధర ఎక్కువ అని టిక్ పెట్టారు కదండీ?”

“ఏదో ఒకటి పెడితేగానీ ఆ ఫారం వదల్లేదు కదమ్మా. మొదట ఏది ఉంటే అది పెట్టాను.”

ఫోన్ పెట్టేసి రద్దు ఫారం తెరిచి చూశాను. కారణాల వరసలో మొట్టమొదటిది ‘ధర ఎక్కువ’. మా మేనేజర్ గారికి ధర అనే నమ్మకం వచ్చిందే ఆ ఫారం రిపోర్టు నుంచి. అంటే ఒక ఫారంలో ఎవరో తోచిన వరసలో రాసిన కారణం నెలనెలా రిపోర్టుకెక్కి, రిపోర్టు నుంచి మేనేజర్ గారి మెదడుకెక్కి, అక్కణ్ణించి నా సర్వేలోకొచ్చి, చివరికి ధర తగ్గించే దాకా వెళ్లింది. దారిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు.

11 మందిలో ఏడుగురు ఈ పాత లెక్కల గొడవే ఏదో ఒక రూపంలో చెప్పారు. దీన్ని పట్టుకుని ‘64 శాతం కస్టమర్లు’ అని రాస్తే అది ఇంకో తప్పు. పదకొండు మందితో మాట్లాడి శాతాలు తియ్యకూడదు. వాళ్ల వల్ల నాకు దొరికింది ఒక అనుమానం, అంతే. పుస్తకం భాషలో హైపోథెసిస్. క్వాలిటేటివా క్వాంటిటేటివా అని మీరడిగారు కదా, క్వాలిటేటివ్ పద్ధతి ఉన్నది ఇందుకే. ఏం అడగాలో మనకే తెలియనప్పుడు, ఎదుటివాళ్లని వాళ్ల మాటల్లో చెప్పనివ్వడానికి. ఆ పెద్దాయన కష్టం నా 22 ప్రశ్నల్లో ఎక్కడా లేదు. వెయ్యి మంది నింపినా బయటికొచ్చేది కాదు.

అనుమానాన్ని తూచడానికి కొత్త సర్వే ఏమీ అక్కర్లేకపోయింది. ఎవరు పాత లెక్కలు పూర్తిగా ఎక్కించారో, ఎవరు మధ్యలో వదిలేశారో మా సర్వర్‌లోనే ఉంది. ఏళ్ల తరబడి అక్కడే పడి ఉంది. ఇంట్లో ఉన్న డేటా వదిలేసి వీధిలో ఫారాలు పంచడం మన జాతీయ వ్యసనం, దాని మీద ఇంకెప్పుడైనా తిడతాను. చూస్తే తేడా స్పష్టంగా ఉంది. మొదటి రెండు వారాల్లో పూర్తిగా ఎక్కించినవాళ్లు దాదాపు అందరూ నిలబడ్డారు. సగంలో ఆగినవాళ్లే ఎక్కువగా వెళ్లిపోయారు.

మేనేజర్ గారు ఎగిరి గంతేశారు. “దొరికింది కదా, ఇక అందరి చేతా ఎక్కించేద్దాం!” అప్పటికి నాకు కాస్త బుద్ధొచ్చింది. పద్ధతిగా ఉండే మనుషులు లెక్కలూ ఎక్కిస్తారు, చందా కూడా కడుతూ ఉంటారు. ఎక్కించడం వల్ల నిలబడ్డారా, నిలబడే రకం కాబట్టి ఎక్కించారా? సర్వర్ డేటా ఎంత చూసినా ఇది తేలదు. తేలాలంటే మనమే ఒకటి మార్చి చూడాలి.

కొత్తగా చేరేవాళ్లని కంప్యూటర్ చేత చీటీలు తీయించినట్టు రెండు గుంపులు చేశాం. ఒక గుంపుకి మా మనిషి ఫోన్లో కూర్చుని పాత లెక్కలు ఎక్కించిపెడతాడు. రెండో గుంపుకి మామూలే. వినడానికి తేలిగ్గా ఉంది కదా. సేల్స్ వాళ్లు ఊరుకోలేదు. “సహాయం సగం మందికే ఎందుకు, మిగతావాళ్లేం పాపం చేశారు” అని ఒకటే గోల. ఒకాయన తనకి బాగా కావలసిన కస్టమర్లని గుట్టుగా సహాయం గుంపులోకి మార్చేశాడు. నెల తర్వాత పట్టుకున్నాం. ఆ నెల డేటా అంతా పారేసి మళ్లీ మొదలు. మంచి కస్టమర్లంతా ఒకవైపు చేరాక పోల్చడానికి ఇంకేముంటుంది? ఆయనకి అది ఎంత చెప్పినా ఎక్కలేదు. ఇప్పటికీ నేను ఆయన సాయాన్ని చెడగొట్టానని అంటుంటాడు. మొత్తానికి నాలుగు నెలలకి తేలింది: సహాయం అందిన గుంపులో మానేసినవాళ్లు రెండో గుంపుతో పోలిస్తే సగమే.

మాట్లాడి అనుమానం పట్టడం, ఉన్న డేటాతో దాన్ని తూచడం, ఒకటి మార్చి కారణం తేల్చడం. పుస్తకంలో వీటికి ఎక్స్‌ప్లోరేటరీ, డిస్క్రిప్టివ్, కాజల్ అని మూడు పేర్లు పెట్టి మూడు గదుల టేబుల్ గీస్తారు, ఏదో ఒకటి ఎంచుకోమన్నట్టు. నాకు మాత్రం అవి ఒకే పనిలో మూడు మెట్లు. ప్రాజెక్టు కాలంలో మీరు మూడూ ఎక్కలేరు. ఏ మెట్టు మీద ఉన్నారో తెలిస్తే చాలు. రెండో మెట్టు మీద నిలబడి ‘వల్ల’ అనే మాట వాడకండి.

ప్రశ్నల గురించి కూడా ఒక మాట, ఎందుకంటే మీ ప్రశ్నాపత్రంలో ‘సేవ వేగంగా, మర్యాదగా ఉందా’ అనే ప్రశ్న ఉండే ఉంటుందని పందెం కాస్తాను. వేగంగా ఉండి మర్యాద లేకపోతే ఫారం నింపేవాడు ఏం టిక్ పెట్టాలి? అడగని ప్రశ్న దెబ్బ ఇంతకన్నా పెద్దది. 1985లో కోకా-కోలా తన పానీయం రుచి మార్చే ముందు దాదాపు రెండు లక్షల మందికి రుచి చూపించింది. కొత్తదే బాగుందన్నవాళ్లు ఎక్కువ. ఏప్రిల్‌లో మార్చారు, జనం తిరగబడ్డారు, 79 రోజుల్లో పాతది తిరిగి తెచ్చారు. గ్లాసులో ఏది బాగుందని అడిగితే నిజమే చెప్పారు. ‘పాతది ఇక దొరకదు, సరేనా?’ అన్న ప్రశ్న వాళ్ల ముందు సరిగా పెట్టలేదు.

శాంపిల్ తక్కువైతే గైడ్ ఊరుకోరేమో అని భయపడుతున్నారు. మీరు ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో నొక్కే టీ-టెస్ట్ (సగటుల మధ్య తేడా నిజమైనదా, యాదృచ్ఛికమా అని చూసే లెక్క) పుట్టిందే చిన్న శాంపిల్ కోసం. గిన్నెస్ బీరు కంపెనీలో పనిచేసే గాసెట్ అనే ఆయన, నాలుగైదు నమూనాలతోనే బార్లీ గురించీ బీరు గురించీ నిర్ణయాలు చెయ్యాల్సి వచ్చి, 1908లో ఆ లెక్క కట్టాడు. సొంత పేరుతో వేసుకోడానికి కంపెనీ ఒప్పుకోకపోతే ‘స్టూడెంట్’ అనే పేరుతో అచ్చు వేయించాడు. ఈ సంగతి మీ గైడ్‌కి చెప్పండి. ఒప్పుకుంటారని హామీ ఇవ్వలేను.

మీరు ఈ వారం చెయ్యగలిగింది ఒకటుంది. ప్రశ్నాపత్రం పక్కన పెట్టి, ఆ వ్యాపారం వదిలి వెళ్లిపోయిన ఆరుగురితో మాట్లాడండి. తర్వాత, ‘ఈ జవాబు వస్తే యజమాని ఏం చేస్తాడు, ఆ జవాబు వస్తే ఏం చేస్తాడు’ అని ప్రతి ప్రశ్న ఎదురుగా రాయండి. రెండింటికీ ఒకటే చేస్తాడని తేలిన ప్రశ్నలు కొట్టేయండి. నా 22లో నాలుగు మిగిలాయి.

అన్నట్టు, మా రద్దు ఫారంలో కారణాల వరస ప్రతి ఒక్కరికీ మారేలా చేయించాను. మొదటి నెలకే ‘ధర ఎక్కువ’ నాలుగో స్థానానికి పడిపోయింది. మేనేజర్ గారు ఆ రిపోర్టు చాలాసేపు చూసి, “అయితే మనం తగ్గించిన ధర?” అన్నారు. అది మళ్లీ పెంచడం ఎవరి వల్లా కాలేదు.