పరంజా బ్రేసింగ్ బార్ గీస్తున్న అమ్మాయికి

అమ్మాయ్,

నువ్వు పంపిన డ్రాయింగ్ తీరిగ్గా కూర్చుని చూశాను. గీత శుభ్రంగా ఉంది, కొలతలు ఎక్కడా తప్పిపోలేదు. అయినా ఒక మాట ముందే చెప్పేస్తాను. నువ్వు గీసింది పరంజా పక్కకు ఊగకుండా ఐమూలగా కట్టే బ్రేస్ కాదు, బరువు కింద నిలబెట్టే ప్రాప్. స్లాబు కింద నిలబెట్టే సెంట్రింగ్ జాకీనే ఐమూలగా పడుకోబెట్టి, రెండు చివర్లా క్లాంపులు తగిలించావు. చాలామంది ఇక్కడి నుంచే మొదలుపెడతారు. పొడవు పెంచి తగ్గించే సరుకు అనగానే అందరి కళ్లముందూ మెదిలేది జాకీయే మరి.

జాకీకి ఉన్నది ఒకటే పని, పైనున్న బరువును కిందికి దింపడం. అది ఎప్పుడూ నొక్కుడులోనే ఉంటుంది. బ్రేస్ పరిస్థితి అలా కాదు. గాలి ఎడమ నుంచి వీస్తే దాన్ని లాగుతుంది, కుడి నుంచి వీస్తే నొక్కుతుంది. పైన మనుషులు అటూ ఇటూ నడిచినా, బరువు ఒక పక్కకు దించినా అంతే. లాగుడు, నొక్కుడు రోజంతా మారుతూనే ఉంటాయి. నీ బార్ ఈ రెండింటినీ ఒకేలా మోయాలి. ఒకదాని నుంచి రెండోదానికి మారేటప్పుడు మధ్యలో ఖాళీ ఉండకూడదు. నా మిగతా సలహాలన్నీ ఇందులోంచి వచ్చేవే.

నీ డ్రాయింగ్‌లో బయటి పైపుకు పొడవాటి గాడి పెట్టి, పైన త్రెడ్ వేసి, కాలర్ నట్టు తిప్పావు. పిన్ను ఆ నట్టు మీద కూర్చుంటుంది. నొక్కితే బాగానే ఉంటుంది. లాగి చూడు: పిన్ను నట్టును వదిలేసి గాడిలో పైకి జరుగుతుంది. గాడి చివర తగిలేదాకా ఆ బార్ ఉన్నా లేనట్టే. అందుకని గాడి తీసెయ్. బయటి పైపుకు కూడా గుండ్రటి రంధ్రాలే పెట్టు. సన్నటి సర్దుబాటు కావాలంటే దాన్ని బార్ చివరికి తీసుకుపో, ఎలాగో కింద చెబుతాను. జాకీలకు యూరప్‌లో ఈఎన్ 1065 అనే ప్రమాణం ఉంది. అది జాకీల కోసమే రాసింది, దాని అంకెలు తెచ్చి బ్రేస్‌కు అంటించకు.

ఇప్పుడు లూజు సంగతి. 12 మి.మీ. పిన్నుకు 14 మి.మీ. రంధ్రం వేశావు. సులువుగా దూరాలని వేశావని తెలుసు. కానీ లెక్క చూడు. పిన్నుకు బయటి పైపు రంధ్రంలో 2 మి.మీ., లోపలి పైపు రంధ్రంలో ఇంకో 2 మి.మీ. ఖాళీ ఉంది. అంటే లాగుడు నుంచి నొక్కుడుకు మారినప్పుడల్లా బార్ 4 మి.మీ. ఊరికే జరుగుతుంది. బార్ 45 డిగ్రీల్లో ఉంటే ఆ లిఫ్ట్ (పరంజాలో ఒక అంతస్తు) పక్కకు దాదాపు 5.7 మి.మీ. ఊగుతుంది. రెండేసి మీటర్ల లిఫ్టులు ఆరు ఎక్కితే పైన నిలబడ్డవాడి కాళ్ల కింద 34 మి.మీ. ఊపు. ఇనుము ఇంకా బరువు మొయ్యడం మొదలుపెట్టకముందే ఇంత. గోడకు కట్లు (టై) వేసి బిగించిన పరంజాలో ఈ ఊపు చాలావరకు ఆగుతుంది, విడిగా నిలబడే టవర్‌లో పూర్తిగా తెలుస్తుంది. రంధ్రం 13కు తగ్గిస్తే అదే ఊపు 17కు దిగుతుంది. 12.5 పెట్టి, పైపు రెండు గోడలూ ఒకేసారి, పైపును కదలకుండా పట్టే జిగ్‌లో బిగించి డ్రిల్ చేయగలిగితే 8 లేదా 9 మి.మీ. దగ్గర ఆగుతుంది. కానీ జింక్ పూత తర్వాత రంధ్రం ఇంకాస్త బిగుస్తుంది, సైటులో సిమెంటు, దుమ్ము చేరతాయి. అందుకే నా ఓటు 13కు.

పిన్ను తెగిపోతుందేమోనని నువ్వు దాన్ని 16కు పెంచాలనుకుంటున్నావు. ఆ టెన్షన్ అక్కర్లేదు. 12 మి.మీ. పిన్ను రెండు చోట్ల కోతను మోస్తుంది, 10 కిలోన్యూటన్ల (సుమారు ఒక టన్ను బరువు) దగ్గర కూడా దానిలో ఒత్తిడి 44 మెగాపాస్కల్ మాత్రమే. దెబ్బ తినేది పిన్ను కాదు, పైపు గోడ. అదే బరువుకు 3.2 మి.మీ. గోడ మీద పిన్ను 130 మెగాపాస్కల్ చొప్పున ఆనుతుంది, అదీ దిశ మార్చి మార్చి. బాగా వాడిన పాత బార్ ఒకటి దొరికితే చేతిలోకి తీసుకుని చూడు. రంధ్రం గుండ్రంగా ఉండదు, బార్ పొడవు వెంట కోడిగుడ్డులా సాగి ఉంటుంది. ఆ రెండు కొసల్లో జింక్ పోయి ఇనుము మెరుస్తుంటుంది, అంచు బయటికి కొద్దిగా పెదవిలా లేచి వేలికి తగులుతుంది. పిన్ను లావు చేస్తే ఆనే చోటు కాస్త పెరుగుతుంది నిజమే, కానీ పైపులో కన్నం పెద్దదవుతుంది. రంధ్రం చుట్టూ చిన్న బుష్ (ఇనుప ఉంగరం) వెల్డ్ చేయడం దానికంటే మంచి పని. అన్ని రంధ్రాలకూ కాదు, బయటి పైపుకు ఉన్న వాటికి చాలు. ఎందుకంటే లోపలి పైపు ప్రతిసారీ వేరే రంధ్రం మీద పనిచేస్తుంది, బయటిది మాత్రం ఎప్పుడూ ఆ ఒకటి రెండింటి మీదే అరుగుతుంది.

పొడవులు ఎలా నిర్ణయించావో నీ కాగితంలో కనిపించలేదు. బార్ నుంచి మొదలుపెట్టకు, అది కూర్చునే చట్రం నుంచి మొదలుపెట్టు. లిఫ్ట్ 2 మీటర్లు, నిలువు పైపుల మధ్య దూరం 1.2 నుంచి 2.5 మీటర్ల దాకా అనుకుందాం. ఐమూల పొడవు 2.33 మీటర్ల నుంచి 3.20 మీటర్ల దాకా వస్తుంది. అంటే నీకు కావాల్సిన సర్దుబాటు 87 సెంటీమీటర్లు మాత్రమే. నువ్వు పెట్టిన రెండు మీటర్ల సర్దుబాటు దేనికి? అన్నిటికీ పనికొచ్చే ఒక్క బార్ చేయాలన్న ఆశ ఇనుమును వృథా చేస్తుంది. పైగా ఆ బార్ తన పూర్తి పొడవులో బలహీనంగా తయారవుతుంది. కావాలంటే రెండు సైజులు చెయ్.

కోణం కూడా చూసుకో. పక్కనుంచి వచ్చే 3 కిలోన్యూటన్ల తోపును తీసుకుంటే, 2.5 మీటర్ల బేలో (రెండు నిలువు పైపుల మధ్య జాగాలో) బార్ మీద పడేది సుమారు 3.8 కిలోన్యూటన్లు. 1.2 మీటర్ల బేలో బార్ నిటారుగా ఉంటుంది కాబట్టి అదే తోపు 5.8 అవుతుంది. పొడవుగా సాగిన బార్ బలహీనం, పొట్టిగా ఉన్న బార్ మీద భారం ఎక్కువ. రెండు కొసలూ విడివిడిగా లెక్కకట్టు, మధ్యలోది తీసుకుని ఊరుకోకు.

పైపుల ఎంపికలో నువ్వు వెళ్లిన దారి సరైందే. బయటిది 48.3 మి.మీ., గోడ 3.2. లోపలి వ్యాసం 41.9 వస్తుంది. 42.4 మి.మీ. పైపు బజారులో ఉంటుంది గానీ దూరదు, అందుకే లోపలికి 38 తీసుకున్నావు. ఇక్కడ ఒకటి గుర్తుంచుకో. 48.3 పైపు జడత్వ భ్రామకం (వంగకుండా నిలిచే శక్తికి కొలత) 11.6 సెం.మీ.⁴ అయితే 38 పైపుది 5.3 మాత్రమే, సగం కూడా లేదు. బక్లింగ్‌లో (నొక్కుడుకు పైపు పక్కకు వంగి లొంగిపోవడంలో) పొడవు రెట్టింపైతే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. బార్ మొత్తం సన్న పైపే అనుకుని 3.2 మీటర్లకు ఆయిలర్ సూత్రం వేస్తే 10.3 కిలోన్యూటన్లు, మొత్తం లావు పైపే అనుకుంటే 22.4. నిజం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. నేనైతే కింది అంకెనే పట్టుకుంటాను. అది కూడా పైపు వంకర లేకుండా ఉంటే వచ్చేది, అందుకని అందులో సగం కూడా పని భారంగా (వాడకంలో మోయించే భారంగా) రాయను. పరీక్ష చేసి ఎక్కువ వస్తే అప్పుడు పెంచుకోవచ్చు.

రెండు పైపులూ ఒకదానిలో ఒకటి ఎంత మేర ఉండాలన్న దగ్గర నువ్వు 150 మి.మీ. రాశావు. అది నాకు నచ్చలేదు. 38కి, 41.9కి మధ్య దాదాపు 4 మి.మీ. సందు ఉంది. ఆ సందులో లోపలి పైపు ఓరగా నిలుస్తుంది. 300 మి.మీ. లోపలుంటే 3 మీటర్ల బార్ మధ్యలో సుమారు 10 మి.మీ. వంపు వస్తుంది, 150 ఉంటే 20 వస్తుంది. నొక్కుడు మొదలయ్యేసరికే బార్ వంగి ఉందన్నమాట, ఇక బక్లింగ్ అక్కడినుంచి ఎగబాకుతుంది. 300కు తగ్గకు, వీలైతే 400 ఉంచు. బయటిది 1.75, లోపలిది 1.85 మీటర్లు తీసుకుంటే 3.2 దగ్గర కూడా 400 మిగులుతుంది.

ఆ సందును తగ్గించే ఉపాయం కూడా ఉంది. లోపలి పైపు అడుగున పలచటి కాలర్ వెల్డ్ చెయ్. బయటి పైపు మూతి దగ్గర నాలుగు వైపులా ప్రెస్‌తో లోపలికి చిన్న నొక్కులు వెయ్యి, 38 పైపు బిగుతుగా జారేటంత. రెండు చోట్ల ఆనడంతో ఓరగా నిలవడం బాగా తగ్గుతుంది. ఇంకో లాభం ఉంది, కాలర్ ఆ నొక్కులను దాటి బయటికి రాలేదు, కాబట్టి పైన ఎవరైనా విసురుగా లాగినా బార్ రెండు ముక్కలై ఒకటి కింద పడదు. పైపు లోపల వెల్డింగ్ అతుకు ఉబ్బుగా ఉంటుంది కదా, కాలర్‌కు అక్కడ చిన్న గాటు పెట్టు, లేకపోతే ఇరుక్కుంటుంది. వరస కూడా తప్పకూడదు. ముందు రెండు పైపులకూ విడివిడిగా జింక్ వేయించు, తర్వాత దూర్చు, ఆ తర్వాతే నొక్కులు వెయ్యి. దూర్చాక జింక్ తొట్టెలో ముంచితే రెండూ అతుక్కుపోతాయి. నొక్కిన చోట పూత పగిలితే జింక్ పెయింట్ పూయాలి. మూసేసిన చివరలకు గాలి రంధ్రం మర్చిపోకు. లోపల చిక్కుకున్న తేమ 450 డిగ్రీల జింక్‌లో ఆవిరై పేలుతుంది, తొట్టె దగ్గర నిలబడేవాళ్ల ప్రాణం మీదికొస్తుంది. ఇది మాత్రం డ్రాయింగ్ మీద పెద్ద అక్షరాలతో రాయి.

సర్దుబాటు మెట్లకు ఒక లెక్క ఇస్తాను. లోపలి పైపుకు 100 మి.మీ.కి ఒక రంధ్రం, బయటి పైపుకు 80 మి.మీ.కి ఒకటి చొప్పున ఐదు రంధ్రాలు పెడితే, 20 మి.మీ. మెట్టు దొరుకుతుంది. వర్నియర్ పద్ధతే. కాకపోతే పైనున్న పనివాడు ఐదింటిలో ఏది కలుస్తుందో వెతుక్కోవాలి. పిన్ను చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో పైపును తిప్పుతూ, రంధ్రంలోంచి వెలుతురు కనిపిస్తుందా అని చూసే మనిషిని ఊహించుకో. అందుకే రంధ్రాలను 100కే వదిలేసి, ఒక చివర 120 మి.మీ. తిరిగే స్క్రూ పెట్టడమే నాకిష్టం. బిగించాక లాక్ నట్టు ఉండాలి, అదే ఆ త్రెడ్‌లోని లూజును కూడా తీసేస్తుంది. స్క్రూ ఎంత బయటికొచ్చిందో తెలియడానికి పక్కన చిన్న కన్నం పెట్టు. అందులోంచి త్రెడ్ కనిపించకపోతే ఇక తిప్పకూడదని అర్థం.

చివరల విషయంలో పైపును నొక్కి చదును చేసి బోల్టు వేయాలని చూడకు. చల్లగా నొక్కిన పైపు మడత దగ్గర, అందులోనూ వెల్డింగ్ అతుకు మీద పగుళ్లిస్తుంది. ఏ కోణానికైనా తిరిగే స్వివెల్ క్లాంపునే శాశ్వతంగా బిగించు. లోపలి పైపు చివర మాత్రం జాగ్రత్త. పరంజా క్లాంపు 48.3 పైపుకు చేసింది, 38 మీద వేస్తే ఎంత బిగించినా జారిపోతుంది. సైటులో ఎవరో ఒకరు ఆ సన్న పైపు మీద వేస్తారు కూడా. అందుకే ఆ చివర క్లాంపు ఊడదీయరాకుండా ఉండాలి. చాలాసార్లు బార్ కన్నా ముందు జారేది క్లాంపే, కాబట్టి తయారీదారు ఇచ్చిన జారుడు బలాన్ని నీ పని భారంతో పోల్చి, ఏది తక్కువైతే అదే బార్ మీద ముద్ర వెయ్యి. బిగించే చోటు నిలువు, అడ్డ పైపులు కలిసే జాగా నుంచి 300 మి.మీ. లోపల ఉండాలని కూడా రాయి.

పిన్నును గొలుసుతో బార్‌కే కట్టేయ్. విడిగా ఇచ్చిన పిన్ను పోతుంది, దాని చోట కమ్మీ ముక్కో మేకో దూరుతుంది. 8 మి.మీ. కమ్మీ 13 మి.మీ. రంధ్రంలో ఎంత లూజో నువ్వే లెక్కకట్టుకో. పూర్తిగా మూసినప్పుడు లోపలి పైపు తలకూ బయటి పైపు మూతికీ మధ్య ఓ 100 మి.మీ. ఖాళీ ఉంచితే వేళ్లు నలగవు. నేను చెప్పిన పొడవులతో బార్ 11 కిలోలు, క్లాంపులతో ఇంకాస్త ఎక్కువ తూగుతుంది. ఒక మనిషి ఒంటి చేత్తో పైన పట్టుకుని రెండో చేత్తో బిగించాల్సిన సరుకు ఇది, ఇంతకు మించి బరువు పెంచకు.

చివరగా పరీక్ష. పూర్తి పొడవులో నొక్కి విరగ్గొట్టడం అందరూ చేస్తారు. నువ్వు దానికంటే ముందు ఇంకొకటి చెయ్. కొత్త బార్‌ను పని భారం దాకా లాగు, నొక్కు, మళ్లీ లాగు, అలా వందల సార్లు తిప్పు. మొదటి తిప్పులో ఎంత ఊరికే జరిగింది, చివరి తిప్పులో ఎంత జరిగింది, రెండూ రాసిపెట్టు. ఆ తర్వాత అదే బార్‌ను నొక్కి విరగ్గొట్టు, కొత్తదాన్ని కాదు. పొట్టి పొడవులోనూ, పూర్తి పొడవులోనూ కనీసం మూడేసి నమూనాలు చూడు. విరిగాక బయటి పైపు రంధ్రాల ఫోటోలు దగ్గరగా తీసి, పక్కన స్కేలు పెట్టి, జరుగుడు అంకెలతో కలిపి నాకు పంపు. బుష్‌లు ఎంత మందం ఉండాలో అవి చూశాకే తేలుద్దాం.

ప్రేమతో,
బాబాయి