‘స్నాబ్’ అనే మాట ఎక్కడిది, తెలుగులో ఏమనాలి?

ఇతరులను చిన్నచూపు చూసేవాడనే అర్థంలో నేడు వాడే ‘స్నాబ్’ అనే ఆంగ్లపదం, కులీనత లేనివాడని చెప్పే ‘సినె నోబిలిటాటె’ అన్న లాటిన్ మాటకు పొట్టిరూపమా అని మీరు అడిగారు. కాదు. విద్యార్థుల పేర్ల పక్కన కళాశాలలవారు అలా రాసేవారన్న కథ ముచ్చటగానే ఉంది గాని దానికి ఆధారం లేదు. పైగా ఆ పదం 18వ శతాబ్దం చివర తొలిసారి కనిపించేది చెప్పులు కుట్టేవాడు అనే మామూలు అర్థంలో.

ఆ కాలంలోనే కేంబ్రిడ్జి విద్యార్థులు, విశ్వవిద్యాలయానికి చెందని పట్టణవాసులను ఈ మాటతో ఈసడించేవారు. అక్కడి నుంచి అది 19వ శతాబ్దంలో నాగరికత ఎరుగని సామాన్యుడికి తిట్టుపేరైంది. దాన్ని మలుపు తిప్పినవాడు ఆంగ్ల నవలాకారుడు థాకరే. 1846-47లో ‘పంచ్’ అనే ఆంగ్ల హాస్యపత్రికలో రాసిన వ్యంగ్య వ్యాసాల్లో ఆయన, గొప్పవారిని గుడ్డిగా అనుకరిస్తూ వారి ప్రాపకం కోసం వెంపర్లాడేవారికి ఈ పేరు తగిలించాడు. తనకంటే తక్కువవారని తలచినవారిని చిన్నచూపు చూసేవాడు అనే నేటి అర్థం ఆ తరువాతిది. ఈసడింపుకు గురైనవాడి పేరు చివరికి ఈసడించేవాడికే అంటుకోవడం నాకు చాలా న్యాయంగా తోస్తుంది.

ఇక అనువాదం సంగతి. ‘అహంకారి’ అంటే మరీ విశాలమవుతుంది. ‘డాబుసరి మనిషి’ థాకరే ఉద్దేశించిన అర్థానికి దగ్గరగా ఉన్నా, అందులో తిరస్కారం ధ్వనించదు. మీరు అనువదిస్తున్న వాక్యంలోని పాత్ర ఎదుటివారు వినే సంగీతాన్ని బట్టి వారి విలువ కడుతున్నాడు కనుక, ఒక్క పదం కోసం వెతకకుండా ‘తన అభిరుచే గొప్పదని ఇతరులను చులకన చేసేవాడు’ అని విడమరచి రాయండి.