బేస్‌బాల్ మొదట్లో ఎలా ఉండేదో తెలియాలంటే పుస్తకాలు చదవాలా, ఇంకేదైనా దారి ఉందా?

వీలైతే ఆడండి. అమెరికాలో 1860ల నాటి రూల్స్‌తో ఆడే టీములు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి, కొలంబస్‌లోని ఒహాయో విలేజ్ మఫిన్స్ అయితే 1981 నుంచీ ఆడుతున్నారు. నేను ఉండేది మిషిగన్‌లో. డియర్‌బార్న్‌లోని గ్రీన్‌ఫీల్డ్ విలేజ్‌లో వేసవిలో 1867 రూల్స్‌తో మ్యాచ్‌లు జరుగుతాయి, అవి చూసి ఇష్టం పుట్టి, 1860 రూల్స్‌తో ఆడే ఒక చిన్న క్లబ్ ప్రాక్టీస్‌కి వెళ్తున్నాను.

గ్లోవ్స్ ఉండవు, అసలు సంగతంతా అక్కడే ఉంది. 1864 సీజన్ దాకా బంతి ఒకసారి నేల మీద పడి లేచాక పట్టినా బ్యాటర్ ఔటే, మనం సందుల్లో ఆడుకున్న వన్ పిచ్ క్యాచ్ లాగా. ఉత్త చేతులతో నిలబడితే ఆ రూల్ విలువ తెలుస్తుంది: గట్టిగా కొట్టిన బంతికి ఎదురెళ్లకుండా రెండడుగులు వెనక్కి వేసి, పడి లేచి వేగం తగ్గాక రెండు చేతులతో ఒళ్లోకి లాక్కుంటాం. కానీ బేస్‌ల మీద (రన్ కోసం వరసగా తాకుతూ పరిగెత్తాల్సిన చోట్లు) రన్నర్లుంటే అలా ఆగడం కష్టం, ఎందుకంటే గాల్లో పట్టేస్తే వాళ్లు తమ బేస్‌కి వెనక్కి వెళ్లాల్సిందే, పడి లేచాక పడితే మాత్రం పరిగెత్తుతూనే ఉండొచ్చు. చేతులు కాపాడుకోవాలా, రన్ ఆపాలా అన్నది అర సెకనులో తేల్చుకోవాలి, ఆ టెన్షన్ నాకు చాలా ఇష్టం.

పిచ్చర్ 45 అడుగుల నుంచి చెయ్యి కిందుగా ఊపి వేస్తాడు, బ్యాటర్ కొట్టగలిగేలా వేయడమే అతని పని. (చెయ్యి పైకెత్తి వేయడానికి పూర్తి అనుమతి 1884లో గానీ రాలేదు.) అందుకే దాదాపు ప్రతి బంతీ ఆటలోకి వస్తుంది, ఫీల్డర్లు తొమ్మిదిమందికీ పని ఉంటుంది. ఇప్పటి మ్యాచ్‌లో పిచ్చర్, బ్యాటర్ ఇద్దరే ఆడుకుంటూ మిగతావాళ్లు చూస్తున్నట్టు ఉంటుంది కదా, అప్పటి ఆట ఫీల్డర్లది. నా మటుకు అదే మంచి ఆట.

ఇంకో చిత్రం, కొట్టిన బంతి మొదట మైదానం రెండు పక్కలా ఉండే ఫౌల్ గీతల లోపల పడితే చాలు, తర్వాత గీత దాటి బయటికి దొర్లిపోయినా చెల్లుతుంది. 1870ల నాటి ఆటగాడు రాస్ బార్న్స్ అలా కొట్టడంలో దిట్ట. 1877లో ఆ రూల్ మార్చేశారు.

చరిత్ర చదివేటప్పుడు 1839లో న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్‌లో అబ్నర్ డబుల్‌డే అనే సైనికాధికారి ఈ ఆట కనిపెట్టాడన్న కథ నమ్మకండి. న్యూయార్క్ నికర్‌బాకర్ క్లబ్ 1845లో రాసుకున్న రూల్స్ నుంచి మొదలుపెట్టండి.

ప్రాక్టీస్‌కి వెళ్లే ముందు ఏ సంవత్సరం రూల్స్‌తో ఆడతారో అడగండి, 1867 అయితే లోపల పడే బంతిని గాల్లోనే పట్టాలి. చేతి ఉంగరాలు మాత్రం ఇంట్లోనే పెట్టి వెళ్లండి.